విపత్తు తర్వాత గాలింపు జాగిలాల కోసం విరాళాలు సేకరించడం ఎలా?

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. బురద, నీటి ఊట, విరిగిన యంత్ర భాగాలు కలగలిసిన ఆ చోట మనుషులు ఎక్కడున్నారో కనిపెట్టడానికి కేరళ పోలీసు శాఖ నుంచి మాయ, మర్ఫీ అనే రెండు జాగిలాలను రప్పించారు. అంతకు ముందు ఏడాది వయనాడ్‌లో విరిగిపడిన కొండచరియల కింద గాలించినవీ అవే. లోకో రైల్లో సొరంగం లోపలికి వెళ్లి అవి వాసన పట్టిన చోట్ల తవ్వారు. మార్చి 9న మొదటి మృతదేహం బయటపడింది. ఒక కుటుంబానికి తమవాడి ఆఖరి చూపు దక్కింది.

ఇలాంటి వార్త చదివినప్పుడు చాలామందికి కలిగే ఆలోచన ఒకటే: ఈ మూగజీవాల కోసం మనం ఏమైనా చేయగలమా? తప్పకుండా చేయగలం. అయితే ఒక విషయం ముందే తెలియాలి. శిథిలాల మీద పనిచేస్తున్న ఆ కొద్ది రోజుల్లో జాగిలానికి మీ డబ్బుతో పెద్దగా పని ఉండదు. అంతకు ముందు సాగిన శిక్షణకు, ఆ తర్వాత మిగిలే గాయాలకు, ఉద్యోగం ముగిశాక వచ్చే ముసలితనానికి డబ్బు కావాలి. జనం మనసు కరిగేది మాత్రం ఆ కొద్ది రోజుల్లోనే. అప్పుడు వచ్చిన డబ్బును రాబోయే ఏళ్లకు పనికొచ్చేలా నిలబెట్టడమే సేకరణకు పూనుకున్నవారి అసలు బాధ్యత. కింద రాసినవన్నీ దాని కోసమే.

మొదటి మూడు రోజులు: వస్తువులు పంపకండి, ఎవరినీ డబ్బు అడగకండి

విపత్తు జరిగిన వెంటనే బిస్కెట్ ప్యాకెట్లు, దుప్పట్లు, కుక్కల ఆహారం లారీకెక్కించి పంపాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ఆ దారులు అంబులెన్సులకు, ప్రొక్లెయినర్లకు కావాలి. గాలింపు జాగిలం తిండి లెక్క ప్రకారం ఉంటుంది. ఏ పూట ఏం పెట్టాలో దాన్ని నడిపించే ఉద్యోగి, అంటే హ్యాండ్లరే చూసుకుంటాడు. కొత్త తిండితో కడుపు చెడితే ఆ జాగిలం ఆ రోజు పనికి రాదు, దాని వల్ల శిథిలాల కింద ఉన్న మనిషికి గంటలు నష్టం. మీ పెంపుడు కుక్క ఎంత తెలివైనదైనా దాన్ని వెంటబెట్టుకుని సహాయానికి వెళ్లడం కూడా సరికాదు. శిక్షణ లేని కుక్క అక్కడ ఉంటే పనిచేసే జాగిలం దృష్టి చెదురుతుంది.

ఈ మూడు రోజులనూ వివరాలు తెలుసుకోవడానికి వాడండి. అక్కడ పనిచేస్తున్న జాగిలాలు ఏ దళానివి? ఎక్కడి నుంచి వచ్చాయి? వాటి నిర్వహణ ఎవరిది? పత్రికల్లో, జిల్లా యంత్రాంగం ప్రకటనల్లో ఈ సమాచారం ఉంటుంది. ఒక కాగితం మీద రాసుకోండి. మీ సేకరణ మొత్తం ఈ కాగితం మీదే ఆధారపడుతుంది.

జాగిలం ఎవరిదో తేల్చుకోండి

మన దేశంలో విపత్తు గాలింపు జాగిలాలు దాదాపు అన్నీ ప్రభుత్వానివే. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళానికి సొంత డాగ్ స్క్వాడ్లు ఉన్నాయి. ఆ దళం పదో బెటాలియన్ మన కృష్ణా జిల్లా కొండపావులూరులోనే ఉంది. సైన్యం జాగిలాలు మీరట్‌లోని పశువైద్య విభాగం కేంద్రంలో తయారవుతాయి. సరిహద్దు భద్రతా దళానికి గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో జాతీయ శిక్షణ కేంద్రం ఉంది. రాష్ట్ర పోలీసు శాఖలకు సొంత జాగిలాలు వేరే ఉంటాయి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటి ఉంది. ఎన్‌డీఆర్‌ఎఫ్ అనే పేరుతో మనకు రెండు ఉన్నాయి. ఒకటి పైన చెప్పిన జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం, రెండోది అదే పేరుతో ఉన్న నిధి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కిందే రెండూ ఏర్పడ్డాయి. నిధికి ఎవరైనా విరాళం ఇవ్వవచ్చు, ఇవ్వడం మంచి పనే. కానీ ఆ డబ్బు విపత్తు సహాయం మొత్తానికి వెళుతుంది, ఫలానా బెటాలియన్ జాగిలాలకు అని విడదీసి చేరదు. ముఖ్యమంత్రి సహాయనిధి విషయమూ అంతే. కాబట్టి ‘జాగిలాల కోసం’ అని అడిగి ఆ డబ్బును ఈ నిధుల్లో జమ చేస్తే, మీరు దాతలకు చెప్పినదీ చేసినదీ ఒకటి కావు. ఉద్దేశం ఎంత మంచిదైనా అది మాట తప్పడమే.

మరి హ్యాండ్లర్ చేతికే ఇస్తే? అతను ప్రభుత్వ ఉద్యోగి. ప్రవర్తన నియమావళి ప్రకారం కానుకలు, డబ్బు తీసుకోకూడదు. మీరు ప్రేమతో ఇచ్చిన పదివేలు అతని మీద విచారణకు దారి తీయవచ్చు. ఆ పని అసలు వద్దు.

ఇవి పోగా మీ ముందు మూడు దారులు మిగులుతాయి: దళం అధికారుల అనుమతితో వస్తువుల రూపంలో ఇవ్వడం, విరమణ పొందిన జాగిలాల సంరక్షణ చూసే రిజిస్టర్డ్ ట్రస్టుకు ఇవ్వడం, విదేశాల్లో ఉన్నవారైతే అక్కడ పూర్తిగా విరాళాల మీదే నడిచే గాలింపు జాగిలాల సంస్థలకు ఇవ్వడం. వరదలోనో భూకంపంలోనో యజమానులను పోగొట్టుకున్న ఊరి కుక్కలను ఆదుకోవడం కూడా పుణ్యమే, కానీ అది వేరే పని. రెండింటినీ ఒకే ఖాతాలో కలపకండి.

రాతపూర్వకంగా అడగండి

ఒక్క రూపాయి వసూలు చేయకముందే ఈ ఉత్తరం వెళ్లాలి. కేంద్ర దళమైతే బెటాలియన్ కమాండెంట్‌కు, జిల్లా డాగ్ స్క్వాడ్ అయితే జిల్లా ఎస్పీకి, దాని నకలు కలెక్టర్‌కు. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు కలెక్టరే. ఉత్తరం ఇలా ఉండవచ్చు:

‘గౌరవనీయులైన కమాండెంట్ గారికి, మేము విజయవాడలోని ఫలానా కాలనీ నివాసితుల సంఘం సభ్యులం. ఇటీవలి విపత్తులో మీ దళం జాగిలాలు చేసిన సేవకు కృతజ్ఞతగా, వాటి సంక్షేమానికి ఉపయోగపడే వస్తువులను సమకూర్చాలని సంకల్పించాం. దయచేసి ఈ విషయాలు తెలుపగలరు. ఒకటి, ఇలాంటి సహాయం స్వీకరించడానికి మీకు అనుమతి ఉందా? రెండు, ఉంటే మీకు ప్రస్తుతం అవసరమైన వస్తువులు ఏవి, వాటి కొలతలు, నాణ్యత వివరాలు ఏమిటి? మూడు, వస్తువులను అందుకున్నట్టు రసీదు ఎవరు ఇస్తారు? నాలుగు, మీ దళం పేరును మా విజ్ఞప్తిలో పేర్కొనవచ్చా? మీ సమాధానం అందిన తర్వాతే మేము సేకరణ ప్రారంభిస్తాం.’

ఆ చివరి వాక్యాన్ని తీసేయకండి. అధికారులకు మీ మీద నమ్మకం కలిగేది దాని వల్లే. ఉత్తరం ఇచ్చినప్పుడు మీ నకలు మీద, అందిందని తెలిపే ఇన్‌వార్డు ముద్ర వేయించుకోండి.

సమాధానం రావడానికి సమయం పట్టవచ్చు, కుదరదని కూడా రావచ్చు. తిండి, మందులు బడ్జెట్‌లోనే వస్తాయని, బయటి డబ్బు తీసుకోలేమని చెబితే అది వారి నిబంధన, దాన్ని గౌరవించాలి. అప్పుడు మీరు రెండో దారిలోకి, అంటే విరమణ పొందిన జాగిలాల వైపు మళ్లండి. నా దృష్టిలో అసలు అవసరం అక్కడే ఎక్కువ. దాని గురించి కింద వివరంగా రాశాను.

డబ్బు దేనికి పనికొస్తుందో మీకే తెలియాలి

దాత మొదట అడిగే ప్రశ్న ‘ఈ డబ్బుతో ఏం కొంటారు?’ అని. దీనికి తడుముకోకుండా జవాబు చెప్పాలంటే జాగిలం పని ఎలా సాగుతుందో మీకు కొంత తెలిసి ఉండాలి.

బతికున్నవారి కోసం వెతికే జాగిలం గాలిలో తేలివచ్చే మనిషి వాసనను పట్టుకుంటుంది. వాసన ఎక్కడ గాఢంగా ఉందో అక్కడ నిలబడి మొరుగుతుంది. కడావర్ జాగిలాలకు ఇచ్చే శిక్షణ వేరు, అవి మృతదేహాల వాసన మీద పనిచేస్తాయి. ఒక జాగిలం చూపిన చోటును వీలైతే రెండో జాగిలంతో ధ్రువీకరించుకుంటారు. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపం తర్వాత మన దళం అక్కడికి వెళ్లినప్పుడు గాజియాన్‌తెప్ ప్రాంతంలోని నుర్దాగిలో జరిగింది ఇదే. జూలీ అనే లాబ్రడార్ శిథిలాల మీద ఒక చోట నిలబడి మొరిగింది. తర్వాత రోమియోను తీసుకొచ్చారు, అదీ అక్కడే ఆగింది. కాంక్రీటు తొలగిస్తే ఆరేళ్ల పాప ప్రాణాలతో దొరికింది.

ఈ పని జాగిలం ఒంటిని ఎంతగా అలసిపోయేలా చేస్తుందంటే, ఇరవై ముప్పై నిమిషాలు గాలించాక దానికి విశ్రాంతి తప్పనిసరి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, వగర్చడం ద్వారానే వేడి తగ్గించుకుంటుంది. మన ఎండల్లో ఇది పెద్ద సమస్య. అందుకే గాలి ఆడే ప్రయాణపు బోనులు, కెన్నెల్‌లో కూలర్లు, తడిపి తొడిగే చల్లని కోట్లు, నీడ గుడారాలు నిజంగా ఉపయోగపడతాయి. పాదాలకు తగిలే కోతలు, నీరసం, ఒంట్లో నీరు తగ్గిపోవడం తరచూ కనిపించే ఇబ్బందులు. పశువైద్యుల సలహాతో తయారుచేసిన ప్రథమ చికిత్స పెట్టె, కళ్లు కడిగే ద్రావణం, పని ముగిశాక ఒంటికి పట్టిన రసాయనాలు, దుమ్ము కడిగే ఏర్పాటు లాంటివి చిన్న మొత్తాలతో సమకూరుతాయి.

పాద తొడుగుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే కుక్కలకు బూట్లు కొనాలన్నది అందరికీ మొదట తట్టే ఆలోచన. 2001 సెప్టెంబరులో న్యూయార్క్ జంట భవనాలు కూలినప్పుడు అమెరికన్లు జాగిలాల కోసం వాటిని విరివిగా పంపారు. చాలామంది హ్యాండ్లర్లు వాటిని తొడగలేదు. శిథిలాల మీద జారిపోకుండా కాలి వేళ్లు, గోళ్లే పట్టునిస్తాయి, బూటు వేస్తే ఆ పట్టు పోతుంది. ఎక్కడైనా చిక్కుకుంటుందని మెడపట్టీ కూడా తీసేసి వదిలే దళాలు ఉన్నాయి. మరోవైపు, 2017 భూకంపంలో పేరు తెచ్చుకున్న మెక్సికో నౌకాదళం జాగిలం ఫ్రీదా బూట్లు, కళ్లద్దాలు వేసుకునే పనిచేసింది. దళానికో పద్ధతి. మనకు ముచ్చటగా కనిపించింది కాకుండా వారు కావాలన్నదే కొనాలి.

శిక్షణ ఖర్చు గురించి ఎవరూ ఆలోచించరు. శిథిలాల్లో వెతకడం నేర్పాలంటే శిథిలాలు కావాలి: విరిగిన స్లాబులు, సిమెంటు గొట్టాలు, మనిషి దాక్కోగలిగే భద్రమైన సొరంగాలు ఉన్న మైదానం. దళం కోరితే ఇలాంటి మైదానానికి సామగ్రి సమకూర్చడం ఎన్నో ఏళ్లు నిలిచే సహాయం. పాత భవనాలు కూల్చే కాంట్రాక్టర్లను, పైపుల కంపెనీలను అడిగి చూడండి. వారికి వృథా అయిన సరకు ఇక్కడ పనికొస్తుంది. దళం ఒప్పుకుంటే శిక్షణలో ‘చిక్కుకున్న మనిషి’గా దాక్కోవడానికి స్వచ్ఛంద సేవకులుగా వెళ్లండి. ఎప్పుడూ ఒకే మనిషిని వెతికిస్తే జాగిలం ఆ మనిషి వాసనకే అలవాటు పడుతుంది, అందుకే కొత్తవారు కావాలి. న్యూయార్క్‌లో రోజుల తరబడి బతికున్నవారు దొరకక జాగిలాలు డీలా పడినప్పుడు, హ్యాండ్లర్లు తమలోనే ఒకరిని దాచి, జాగిలం కనిపెట్టేలా చేసి ఉత్సాహం తెచ్చారు. డబ్బు లేనివారు ఇవ్వగలిగిన సహాయం ఇది.

ఇక విరమణ. ఎనిమిది పదేళ్ల వయసు వచ్చేసరికి జాగిలాన్ని విధుల నుంచి తప్పిస్తారు. కొన్నిటిని హ్యాండ్లర్లే ఇంటికి తెచ్చుకుంటారు, కొన్నిటిని కుటుంబాలు దత్తత తీసుకుంటాయి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతులకు తుంటి కీళ్ల జబ్బులు సాధారణం. ఏళ్ల తరబడి గోడలు దూకి, రాళ్ల మీద నడిచిన ఒంటికి ఆ నొప్పులు ఇంకా తొందరగా వస్తాయి. ఎక్స్‌రేలు, కీళ్ల మందులు, పళ్ల చికిత్స, చివరి రోజుల్లో నొప్పి తెలియకుండా చూసే వైద్యం ఒక కానిస్టేబుల్ జీతంలోంచి పెట్టడం కష్టం. నాకు వ్యక్తిగతంగా అన్నిటికంటే ఇష్టమైన సేకరణ ఇదే: ఒక విశ్రాంత జాగిలానికి జీవితాంతం వైద్య ఖర్చు. ఇలాంటి జాగిలాలను దత్తత తీసుకున్నవారి పశువైద్యుడి బిల్లును నేరుగా ఆసుపత్రికే చెల్లించే పద్ధతి పెట్టుకుంటే ఎవరి చేతికీ నగదు ఇవ్వాల్సిన పని ఉండదు.

ఎంత అడగాలి?

‘వీలైనంత’ అని మాత్రం అడగకండి. ఒక జాబితా, ఒక మొత్తం ఉండాలి. దళం ఇచ్చిన జాబితాలోని ప్రతి వస్తువుకూ ముగ్గురు అమ్మకందారుల నుంచి ధరల పత్రాలు తీసుకోండి. వాటిలో సరైన దాన్ని ఎంచుకుని, రవాణా, పన్ను కలిపి మొత్తం కట్టండి. వైద్య సహాయమైతే స్థానిక పశువైద్యుడిని అడిగి ఒక జాగిలానికి ఒక ఏడాదికి అయ్యే ఖర్చు రాయించుకోండి. ‘ఒక జాగిలం, ఒక ఏడాది’ అనే కొలమానం దాతలకు వెంటనే అర్థమవుతుంది. లక్ష్యం చేరగానే సేకరణ ఆపేస్తామని ప్రకటించండి, ఆపేయండి కూడా.

ఖాతా, రసీదు, పన్ను

మీ సొంత బ్యాంకు ఖాతాలోకి, మీ సొంత ఫోను నంబరుకి డబ్బు తీసుకోవద్దు. ఎంత నిజాయితీపరులైనా రేపు ఎవరైనా లెక్క అడిగితే మీ జీతం, మీ కరెంటు బిల్లు, విరాళం అన్నీ ఒకే పాస్‌బుక్‌లో కనిపిస్తాయి. ఇప్పటికే రిజిస్టర్ అయిన ట్రస్టునో సొసైటీనో భాగస్వామిగా చేసుకోవడం తేలిక. వారి ఆశయాల పత్రంలో జంతు సంక్షేమమో విపత్తు సహాయమో ఉందో లేదో చూడండి. ఈ పనికి ప్రత్యేక ఖాతా తెరిపించి, డబ్బు తీయడానికి ఇద్దరి సంతకాలు ఉండేలా తీర్మానం రాయించండి. అదే తీర్మానంలో ఇంకో వాక్యం ఉండాలి: దళం చివరి నిమిషంలో వద్దంటే, లేదా డబ్బు మిగిలిపోతే, ఆ మొత్తం ఎక్కడికి వెళుతుంది? ఇది ముందే రాసి విజ్ఞప్తిలోనూ చెబితే తర్వాత తగాదాలు రావు.

విరాళాలకు పన్ను మినహాయింపు గుర్తింపు (80జీ పేరుతో తెలిసినది) ఉన్న సంస్థ అయితే, పాత పన్ను విధానంలో ఉన్న దాతలకు మినహాయింపు దొరుకుతుంది. రెండు వేల రూపాయలు దాటిన నగదు విరాళానికి అది వర్తించదు కాబట్టి పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో ఇవ్వమనండి. పేరు, పాన్ నంబరు, చిరునామా అప్పుడే తీసుకోవాలి. ఏడాది చివర ధ్రువపత్రాలు ఇవ్వాల్సి వచ్చినప్పుడు వెనక్కి వెళ్లి అడగడం చాలా కష్టం.

మిలాప్, కెట్టో లాంటి సేకరణ వేదికలు వాడాలనుకుంటే వాటి రుసుము ఎంతో, దాతను విడిగా అడిగే ‘టిప్’ ఎంతో ముందే చదవండి. ఆ సంగతి దాతలకూ చెప్పండి.

విదేశాల్లోని మనవారి డబ్బు

ఇక్కడ జాగ్రత్త చాలా అవసరం. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నా భారత పాస్‌పోర్టే ఉన్నవారు తమ సొంత పొదుపులోంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే, చట్టం దాన్ని విదేశీ విరాళంగా చూడదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు పంపితే, చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా, అది విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ డబ్బు న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో అందుకోసమే తెరిచిన ఖాతాలోకే రావాలి. అలా వచ్చినదాన్ని వేరే సంస్థకు మళ్లించడానికి 2020 సవరణ తర్వాత వీల్లేదు. మీ సంస్థకు ఆ రిజిస్ట్రేషన్ లేకపోతే ‘అన్నయ్య డాలస్ నుంచి పంపిస్తానన్నాడు’ అనే ఉత్సాహాన్ని అక్కడే ఆపండి.

డాలస్ అన్నయ్యకు చేయడానికి పని అక్కడే ఉంది. 1995లో ఓక్లహోమా నగరంలో బాంబు పేలుడు జరిగినప్పుడు విల్మా మెల్విల్ అనే విశ్రాంత ఉపాధ్యాయిని తన జాగిలంతో శిథిలాల్లో గాలించారు. ఆ జాగిలం పేరు కూడా మర్ఫీయే. శిక్షణ పొందిన జాగిలాలు దేశంలో ఎంత తక్కువగా ఉన్నాయో అక్కడ చూసి, మరుసటి ఏడాది కాలిఫోర్నియాలో నేషనల్ డిజాస్టర్ సెర్చ్ డాగ్ ఫౌండేషన్ స్థాపించారు. ఆశ్రయ కేంద్రాల్లో దిక్కులేక ఉన్న కుక్కలను తెచ్చి, శిక్షణ ఇచ్చి, అగ్నిమాపక సిబ్బందికి ఉచితంగా అప్పగిస్తారు. పనికి సరిపడని కుక్కను కూడా వదిలేయకుండా జీవితాంతం మంచి ఇల్లు చూపిస్తారు. విరాళాలతో నడిచే ఇలాంటి సంస్థలకు అక్కడి తెలుగు సంఘాలు పండుగ వేడుకల్లో ఒక బల్ల పెట్టి సేకరించవచ్చు. సంస్థకు పన్ను మినహాయింపు హోదా ఉందో లేదో అమెరికా పన్నుల శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చిన దానికి సమానంగా తామూ ఇస్తాయి. ఆ దరఖాస్తు నింపడానికి పట్టే పది నిమిషాలకు విరాళం రెట్టింపవుతుంది. బ్రిటన్‌లో పన్ను కట్టేవారు గిఫ్ట్ ఎయిడ్ పత్రం నింపితే ప్రతి పౌండుకూ ప్రభుత్వం పాతిక పెన్నీలు కలుపుతుంది.

విజ్ఞప్తి రాయడం

వాట్సాప్‌లో పంపే సందేశం ఒక ఫోను తెరలో పట్టాలి. ఇలా రాసి చూడండి:

‘శిథిలాల్లో మనుషుల కోసం వెతికి, ఇప్పుడు విధుల నుంచి విరమించిన రెండు జాగిలాల వైద్యానికి ఏడాదికి ఫలానా మొత్తం కావాలి. ఫలానా ట్రస్టు ఖాతాలో మాత్రమే జమ చేయండి. బిల్లులు ఆసుపత్రికి నేరుగా చెల్లిస్తాం. లెక్కలు ప్రతి నెలా ఐదో తేదీన ఇదే గ్రూపులో పెడతాం. లక్ష్యం చేరగానే సేకరణ ఆపేస్తాం. సందేహాలకు ఈ ఇద్దరిని సంప్రదించండి.’

మృతదేహాల ఫొటోలు, ఏడుస్తున్న బంధువుల ఫొటోలు వాడవద్దు. వారి దుఃఖం మన సేకరణకు సాధనం కాకూడదు. జాగిలం ఫొటో వాడాలన్నా దళం అనుమతి తీసుకోండి, వేరే దేశంలో తీసిన చిత్రాన్ని మన జాగిలంగా చూపించకండి. హ్యాండ్లర్ పేరు, ఊరు రాయవద్దు. ‘వందల ప్రాణాలు కాపాడింది’ లాంటి మాటలు రాయకండి. జాగిలం నిజంగా చేసింది చెబితే చాలు, మనసు ఉన్నవారు స్పందిస్తారు.

ఒక ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. మీ పోస్టరులో క్యూఆర్ కోడ్ మార్చి మోసగాళ్లు తిప్పుతారు. అందుకే ‘స్కాన్ చేశాక తెరపై ఫలానా ట్రస్టు పేరే రావాలి, వేరే పేరు వస్తే చెల్లించకండి’ అని పోస్టరు మీదే పెద్ద అక్షరాల్లో రాయండి.

జనంలోకి ఎలా వెళ్లాలి?

అపార్ట్‌మెంట్ సంఘాలు, పొద్దున నడక బృందాలు, పశువైద్యశాలలు, పెంపుడు జంతువుల దుకాణాలు మొదటి మజిలీలు. పెంపుడు కుక్క ఉన్న ఇంటికి ఈ విషయం వివరించి చెప్పాల్సిన పనే ఉండదు. నెలకు వంద రూపాయలు ఇచ్చే యాభై మంది, ఒకేసారి పదివేలు ఇచ్చి మరిచిపోయే ఒకరికంటే విలువైనవారు, ఎందుకంటే మందుల బిల్లు కూడా నెలనెలా వస్తుంది. బడుల్లో పిల్లలను డబ్బు తెమ్మని ఒత్తిడి పెట్టవద్దు. వారికి జాగిలాల కథ చెప్పండి, వేసిన బొమ్మలు ప్రదర్శనకు పెట్టండి, పెద్దలు కొంటారు.

బొమ్మలంటే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. 2002లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ జర్మన్ షెపర్డ్ ఆకారంలో శిల్పాలు చేయించి, చిత్రకారులతో రంగులు వేయించి, న్యూయార్క్ వీధుల్లో నిలబెట్టింది. కంపెనీలు వాటికి ఖర్చు పెట్టాయి, తర్వాత వేలం వేయగా వచ్చిన డబ్బు గాలింపు జాగిలాల సంస్థలకు వెళ్లింది. మనకు అంత హంగు అక్కరలేదు. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసేవారున్నారు, కొండపల్లిలో పొనికి చెక్కను చెక్కేవారున్నారు. జాగిలం బొమ్మలు చేయించి, కళాకారులకు వారి పూర్తి ధర ముందే చెల్లించి, ఆ పైన వచ్చినదాన్ని నిధికి జమ చేయండి. కొన్నవారి బల్ల మీద ఆ బొమ్మ ఉన్నంతకాలం మీ పని గుర్తుంటుంది.

కంపెనీల దగ్గరకు వెళ్లేటప్పుడు సామాజిక బాధ్యత నిధుల గురించే అడగండి. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో జంతు సంక్షేమమూ ఉంది, విపత్తు నిర్వహణా ఉంది. మీ పని రెండింటి కిందకూ వస్తుందని ప్రతిపాదనలో రాయండి. అమలు చేసే సంస్థకు ఈ నిధులు తీసుకోవడానికి ప్రభుత్వం దగ్గర చేయించే సీఎస్‌ఆర్-1 నమోదు ఉండాలి, లేకపోతే మాట ముందుకు సాగదు. ఆర్థిక సంవత్సరం చివరి నెలల్లో కాకుండా ఏప్రిల్, మే నెలల్లో వెళితే వారి ప్రణాళికలో మీకు చోటు దొరికే అవకాశం ఎక్కువ.

విపత్తు జరిగిన పది రోజులకు వార్తలు తగ్గిపోతాయి, విరాళాలూ తగ్గుతాయి. అప్పుడు నిరుత్సాహపడకుండా, మొదట ఇచ్చినవారికి తొలి బిల్లు ఫొటో పంపండి. రెండోసారి ఇచ్చేవారు ఎక్కువగా వీరిలోంచే వస్తారు. ఏడాది తిరిగాక అదే తేదీన ఇంకోసారి అడగవచ్చు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వితే లాభం లేదని మనవాళ్లు ఊరికే అనలేదు. తర్వాతి విపత్తుకు వెళ్లాల్సిన జాగిలం ఇప్పుడు ఎక్కడో శిక్షణలో ఉంది.

ఖర్చు పెట్టడం, లెక్క చెప్పడం

వస్తువులైతే అమ్మకందారుకు నేరుగా చెల్లించండి, బిల్లు ట్రస్టు పేరు మీద ఉండాలి. అప్పగించేటప్పుడు సంఖ్య, తేదీ రాసిన జాబితా మీద అధికారి సంతకం తీసుకోండి. సన్మాన సభలు, డప్పులు, దండలు, జాగిలంతో సెల్ఫీల వరుస వద్దు. పనిచేసే జాగిలానికి అపరిచితుల గుంపు ఇబ్బంది కలిగిస్తుంది, హ్యాండ్లర్‌కూ సంకోచమే. దూరం నుంచి ఒక ఫొటో చాలు.

నెలనెలా లెక్కలో నాలుగు వివరాలు తప్పక ఉండాలి: వచ్చింది, ఖర్చయింది, దేనికి, మిగిలింది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దాతల ఖాతా నంబర్లు కనిపించకుండా చేసి పెట్టండి. వేదిక రుసుము, పోస్టర్ల ముద్రణ లాంటి ఖర్చులు దాచకండి. పోస్టర్ల డబ్బు నిర్వాహకులే భరిస్తే ఇంకా మంచిది.

విశ్రాంత జాగిలం మరణిస్తే ఆ వార్త దాతలకు చెప్పాలి. న్యూయార్క్ శిథిలాల్లో పనిచేసిన జాగిలాల్లో చివరిగా మిగిలిన బ్రిట్నీ అనే గోల్డెన్ రిట్రీవర్ 2016 జూన్‌లో, పదహారేళ్ల వయసులో కన్నుమూసింది. ఆనాటి జాగిలాల ఆరోగ్యాన్ని పశువైద్య పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. ఆ పరిశోధనకూ కుక్కల ఆరోగ్యం కోసం పనిచేసే ఒక దాతృత్వ సంస్థ అండగా నిలిచింది. ఆ జాగిలాలు మిగతా వాటితో సమానంగానే జీవించాయని తేలింది. మీ దాతలకు పంపే ఉత్తరంలో జాగిలం ఎన్నేళ్లు పనిచేసింది, మీ డబ్బుతో ఏ చికిత్స అందింది అని నాలుగు వాక్యాలు రాయండి. ఆ జాగిలం పేరిట మిగిలిన మొత్తాన్ని తీర్మానంలో ముందే రాసుకున్న చోటికి, మరో విశ్రాంత జాగిలానికో ట్రస్టు వైద్య నిధికో, బదిలీ చేయండి.

సేకరణ పూర్తిగా ముగించేటప్పుడు చార్టర్డ్ అకౌంటెంట్ సంతకంతో తుది లెక్క పెట్టి, ఖాతాను మూయించండి. అన్ని గ్రూపుల్లో ‘ఈ సేకరణ ముగిసింది, పాత పోస్టరు ఇకపై ఎవరికీ పంపవద్దు’ అని రాసి, దుకాణాల్లో, ఆసుపత్రుల్లో అంటించిన క్యూఆర్ కోడ్‌లను స్వయంగా తిరిగి తీసేయించండి.